ఎడమ కరోనరీ కుడి సైనస్ నుంచి పుట్టిందన్న సీటీ రిపోర్టును ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ తమ్ముడికి 19 ఏళ్లు. పరుగు ప్రాక్టీసులో ఉండగా పడిపోయాడు, నిమిషంలోపే తేరుకున్నాడు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ మూడూ నార్మల్ వచ్చాయి. తర్వాత తీసిన సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ రిపోర్టులో మాత్రం, ఎడమ ప్రధాన కరోనరీ ధమని కుడి సైనస్ నుంచి పుట్టి అయోర్టాకూ పల్మనరీ ఆర్టరీకీ మధ్యగా వెళ్తోందని ఒక్క వాక్యం ఉంది. (కరోనరీలంటే గుండె కండరానికే రక్తమిచ్చే ధమనులు. అయోర్టా గుండె నుంచి ఒంటికంతా, పల్మనరీ ఆర్టరీ ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు.) ఒక కార్డియాలజిస్టు ఆపరేషన్ తప్పదన్నారు. ఇంకొకరు, ఇది కండరంలోంచి వెళ్లే రకంలా ఉంది, భయపడక్కర్లేదన్నారు. ఎవరి మాట నమ్మాలి, మూడు పరీక్షల్లో దొరకనిది అంత ప్రమాదం ఎలా అవుతుంది, మీరు కూడా స్కాన్ చేయించుకోవాలా అని అడిగారు.

గుండె సీటీలు, ఎమ్మారైలు చదవడమే నా రోజువారీ పని. బొమ్మలు చూడకుండా మీ తమ్ముడి విషయంలో తీర్పు చెప్పలేను. కానీ ఆ ఒక్క వాక్యం దగ్గర ఇద్దరు డాక్టర్లు ఎందుకు విడిపోయారో మాత్రం చెప్పగలను. ‘మధ్యగా’ అన్న మాటను ఇద్దరూ రెండు వేర్వేరు దారులుగా తీసుకున్నారు. ఆ రెండింట్లో ఒకటి ఈ జాతి లోపాలన్నిటిలోకీ ఎక్కువ భయపడాల్సినది, రెండోది చాలావరకు హాని చేయనిది. మీ తమ్ముడిది ఏ దారి అన్నది ఆ ధమని మొదటి రెండు సెంటీమీటర్లను నిదానంగా చూస్తే తేలుతుంది. అది తేలేదాకా పరుగు, ఆటలు, జిమ్, ఈత పూర్తిగా ఆపించండి. మామూలు నడక, చదువు, రోజువారీ పనులకు అడ్డేమీ లేదు.

గుండె నుంచి బయల్దేరే అయోర్టా మొదట్లో మూడు చిన్న ఉబ్బులుంటాయి. సైనస్‌లంటే అవే. కుడి సైనస్ నుంచి కుడి కరోనరీ, ఎడమ సైనస్ నుంచి ఎడమ కరోనరీ పుడతాయి. మూడోదాన్నుంచి మామూలుగా ఏదీ పుట్టదు. ఎడమది కొద్ది దూరం వెళ్లి రెండుగా చీలుతుంది. ముందు వైపు దిగేది ఎల్‌ఏడీ, వెనక్కి చుట్టుకునేది సర్కమ్‌ఫ్లెక్స్. పిండదశలో ఈ ధమనులు అయోర్టా నుంచి బయటికి మొలుస్తాయని చాలాకాలం అనుకున్నారు. నిజానికి జరిగేది దానికి తిరగేసి: అయోర్టా మొదలు చుట్టూ అల్లుకున్న సన్నని నాళాల వల నుంచి కొన్ని లోపలికి చొచ్చుకువెళ్లి సైనస్‌లో తెరుచుకుంటాయి. ఆ చొచ్చుకోవడం పక్క సైనస్‌లో జరిగినా, ఒక్క చోటే జరిగినా, అసలు అయోర్టాను వదిలేసి పల్మనరీ ఆర్టరీలో జరిగినా మనం మాట్లాడుకునే లోపాలు వస్తాయి.

ఇవి మీరనుకున్నంత అరుదు కూడా కాదు. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1,26,595 మంది యాంజియోగ్రాములను తిరగేసి 1990లో ప్రచురించిన లెక్కలో 1.3 శాతం మందికి ఏదో ఒక కరోనరీ లోపం ఉంది. వాటిలో ఎక్కువ భాగం, మనిషి నిండు జీవితం బతికి పోయినా ఉన్నట్టు తెలియనివే. కాబట్టి రిపోర్టులో ‘అనామలీ’ (పుట్టుకతో వచ్చిన తేడా) అన్న మాట చూడగానే గుండె జారిపోనక్కర్లేదు. అరుదైనవి, ప్రమాదకరమైనవి ఆ గుంపులో కొన్నే. వాటిని ఏరి పట్టుకోవడమే ఇమేజింగ్ చేసే పని.

ఎడమ ధమని కుడి వైపు పుట్టిందంటే, తను రక్తం ఇవ్వాల్సిన ఎడమ వైపుకి అది ఎలాగోలా చేరాలి. ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. పల్మనరీ ఆర్టరీ ముందు నుంచి చుట్టి రావచ్చు. అయోర్టా వెనక నుంచి రావచ్చు. ఈ రెండూ చుట్టుదారులే గానీ వాటితో ప్రాణాపాయం అరుదు. మూడోది అయోర్టాకూ పల్మనరీ ఆర్టరీకీ నడుమ ఉన్న ఇరుకులోంచి నేరుగా దూరిపోవడం. ఇంటర్‌ఆర్టీరియల్ అనాల్సింది దీన్నే. నాలుగోది, కిందికి దిగి, కుడి జఠరిక నుంచి రక్తం బయటికి పోయే దారికి వెనకున్న గోడ కండరంలో మునిగి, కొంత దూరం పోయాక ఎడమ పక్కన మళ్లీ పైకి తేలడం. దీన్ని ట్రాన్స్‌సెప్టల్ అంటారు, కొందరు సబ్‌పల్మోనిక్ అని రాస్తారు.

చిక్కంతా మూడో దారికీ నాలుగో దారికీ మధ్య ఉంది. అడ్డంగా కోసినట్టు కనిపించే మామూలు సీటీ ముక్కలో రెండూ ఒకేలా ఉంటాయి. వెనక గుండ్రంగా అయోర్టా, ముందు ఇంకో గుండ్రం, రెంటి మధ్య ఎడమకు సాగిన తెల్లటి గీత. ఆ ముందున్న గుండ్రం పల్మనరీ ఆర్టరీయా, లేక దానికి కిందున్న కుడి జఠరిక పైభాగమా అన్నది ఆ ఒక్క ముక్క చూసి చెప్పలేం. హడావిడిలో చదివితే రెండూ ‘అయోర్టాకూ పల్మనరీకీ మధ్య’ అయిపోతాయి. ట్రాన్స్‌సెప్టల్‌ను ఇంటర్‌ఆర్టీరియల్‌గా రాసేయడం ఈ రంగంలో బాగా తెలిసిన పొరపాటు. మీ తమ్ముడి రిపోర్టులో ఉన్నది ఒకటే వాక్యమంటే, నాకు ముందు వచ్చే అనుమానం కూడా అదే.

తేల్చే పద్ధతి కష్టమేమీ కాదు, కాకపోతే కూర్చుని చూడాలి. ముందు, పల్మనరీ ఆర్టరీ మొదట్లో ఉండే పల్మనరీ వాల్వు రేకలు కనిపించే మట్టాన్ని పట్టుకుంటాను. ధమని దానికి పైన దాటుతోందా, కింద దాటుతోందా? పైన అయితే ఇంటర్‌ఆర్టీరియల్, స్పష్టంగా కింద అయితే ట్రాన్స్‌సెప్టల్. తర్వాత బొమ్మను పక్క నుంచి చూసేలా తిప్పుతాను. ఇప్పుడు ధమని పొడుగ్గా కాకుండా అడ్డంగా తెగి ఒక చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క చుట్టూ ఏముందో చూడాలి. సీటీలో కొవ్వు నల్లగా, కండరం బూడిద రంగులో ఉంటాయి. నలువైపులా బూడిద రంగు ఉండి, చుక్క గుండ్రంగా ఉంటే అది కండరంలో మునిగిన నాళం. చుక్క నిలువుగా సాగిపోయి, ఒక పక్క అయోర్టా గోడకు అతుక్కుని, మధ్యలో సన్నని నల్ల గీత కూడా లేకపోతే అది వేరే కథ. ముందు నుంచి చూసే బొమ్మ కూడా సాయం చేస్తుంది: కండరంలో పోయేది కిందికి వంగి మళ్లీ పైకి లేస్తుంది, దారిలో ఆ గోడ కండరానికి ఒకటి రెండు కొమ్మలు (సెప్టల్ కొమ్మలు) ఇస్తుంది. ఇంటర్‌ఆర్టీరియల్ అయితే కొమ్మలేమీ ఇవ్వకుండా సూటిగా దాటిపోతుంది.

ఇంతకీ ఆ మూడో దారి ఎందుకంత చెడ్డది? శ్రమ చేసేటప్పుడు అయోర్టా, పల్మనరీ ఆర్టరీ రెండూ ఉబ్బి మధ్యలో ఉన్నదాన్ని నలిపేస్తాయని పాత వివరణ. ఇప్పటికీ రోగులకు ఇదే చెప్తుంటారు. లెక్క మాత్రం కుదరదు. పల్మనరీ ఆర్టరీలో విశ్రాంతి వేళ సగటు పీడనం పాదరసం కొలతలో సుమారు 15 మిల్లీమీటర్లు. కరోనరీలో ఉండేది అయోర్టా పీడనం, అంటే దాదాపు ఆరు రెట్లు. తక్కువ పీడనమున్న గొట్టం ఎక్కువ పీడనమున్నదాన్ని ఎలా నొక్కుతుంది?

అసలు సంగతి అయోర్టా గోడలోనే ఉంది. ఇలా పుట్టిన ధమని చాలాసార్లు వెంటనే బయటపడదు. కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరుకు పైగా అయోర్టా గోడ పొరల లోపలే ప్రయాణించి, అప్పుడు బయటికొస్తుంది. దీన్ని ఇంట్రామ్యూరల్ భాగం అంటారు. ఆ భాగానికి తనదంటూ గుండ్రటి గోడ ఉండదు కాబట్టి అది పక్క నుంచి నొక్కుకుపోయి ఉంటుంది, కొలత కూడా సన్నగానే ఉంటుంది. పైగా ఏటవాలుగా పుట్టడం వల్ల ముఖద్వారం గుండ్రంగా కాకుండా చొక్కా కాజాలా సన్నటి చీలికగా ఉంటుంది. కూర్చున్నప్పుడు ఈ చీలిక సరిపోతుంది. వేగంగా పరిగెత్తినప్పుడు అయోర్టా సాగుతుంది, గోడలోని భాగం మరింత పలచబడుతుంది, చీలిక ఇంకా మూసుకుంటుంది. అదే సమయంలో గుండెకు రక్తం మామూలుకన్నా ఎక్కువ కావాలి. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడు. వేగం పెరిగేకొద్దీ ఆ సడలే వ్యవధి తగ్గిపోతుంది. అన్నీ ఒకేసారి కలిసొస్తే కండరానికి రక్తం చాలక లయ తప్పుతుంది.

అందుకే రిపోర్టులో ‘ఇంటర్‌ఆర్టీరియల్’ అన్న ఒక్క మాటతో సర్జన్ చేసేదేమీ లేదు. ముఖద్వారం గుండ్రమా, చీలికా? ధమని అయోర్టా నుంచి ఎంత కోణంలో బయల్దేరుతోంది? 45 డిగ్రీలకన్నా తక్కువైతే ఏటవాలు అంటాం. మొదటి భాగం ఎత్తు ఎంత, వెడల్పు ఎంత? ఎత్తు వెడల్పుకు 1.3 రెట్లు దాటితే అది గోడలో ఉందన్న అనుమానం బలపడుతుంది. గోడలో ఉన్న భాగం పొడవెంత? ముఖద్వారం అయోర్టా వాల్వు రేకలు కలిసే అంచుకు పైన ఉందా, కిందా? ఈ చివరి ప్రశ్న సర్జన్‌కు ప్రాణం, ఎందుకో తర్వాత చెప్తాను. ఇప్పటి సాఫ్ట్‌వేర్లతో అయోర్టా లోపల నిలబడి చూసినట్టు ముఖద్వారాలను చూపించే బొమ్మ కూడా తీయొచ్చు. సర్జన్లకు అది బాగా నచ్చుతుంది. నేను మాత్రం కొలతలు దాని మీద తీయను, అందం ఎక్కువ, నమ్మకం తక్కువ. ధమనిని అడ్డంగా కోసిన ముక్క మీదే కొలవాలి.

ఇక మూడు పరీక్షలు నార్మల్ సంగతి. విశ్రాంతిలో ఉన్నప్పుడు రక్తం సరిపోతోంది కాబట్టి ఈసీజీ నార్మల్‌గా ఉండడంలో వింతేమీ లేదు. ట్రెడ్‌మిల్ కూడా నార్మల్ రావడమే జనానికి మింగుడు పడదు. ఈ లోపంలో ఇబ్బంది ప్రతిసారీ రాదు. వంద సార్లు పరిగెత్తినా రానిది నూట ఒకటోసారి రావచ్చు. కొవ్వు పూడికతో వచ్చే జబ్బులో లాగా ఇంత శ్రమకు ఇంత నొప్పి అన్న లెక్క ఇక్కడ లేదు. 2000లో ఇటలీ, అమెరికా పరిశోధకులు కలిసి ప్రచురించిన ఒక పరిశీలన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ధమని తప్పు సైనస్ నుంచి పుట్టడం వల్ల ఆకస్మికంగా చనిపోయిన 27 మంది యువ క్రీడాకారుల వివరాలవి. 23 మందికి ఎడమది, నలుగురికి కుడిది తప్పు చోట పుట్టింది. అందరూ తీవ్ర శ్రమలోనో, ఆ వెంటనేనో పోయారు. వాళ్లలో ముందే ఈసీజీ తీయించుకున్న 9 మందికీ అది నార్మల్. శ్రమ పరీక్ష చేయించుకున్న ఆరుగురికీ అదీ నార్మల్. కానీ కొందరికి అంతకుముందు శ్రమలో కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి వచ్చాయి. ఆ లక్షణాలే అసలు హెచ్చరిక. మీ తమ్ముడి విషయంలో సీటీ తీయించమన్న డాక్టరు సరిగ్గా ఆలోచించారు.

ఇన్నేళ్లు ఆడాడు, ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అనే వాదన కూడా వింటుంటాను. అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు పీట్ మారవిచ్ పదేళ్లు ఎన్‌బీఏలో ఆడాడు. 1988 జనవరిలో, 40 ఏళ్ల వయసులో, సరదాగా ఆడుతున్న ఆటలో కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో తేలింది: ఆయనకు ఎడమ కరోనరీ ధమనే లేదు, గుండె మొత్తాన్ని కుడిదే పోషిస్తూ వచ్చింది. అమెరికాలో యువ క్రీడాకారుల గుండె సంబంధ ఆకస్మిక మరణాల్లో ఇలాంటి కరోనరీ లోపాల వాటా సుమారు 17 శాతమని, గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి తర్వాత రెండో స్థానం వీటిదేనని అక్కడి రిజిస్ట్రీ చెప్పింది.

ఎకో మీద మాత్రం అంత సులువుగా నింద వేయను. చిన్నపిల్లల్లో, సన్నగా ఉన్నవాళ్లలో ఎకోలో రెండు ముఖద్వారాలూ బాగానే కనిపిస్తాయి, వెతికితే. వెతకాలని అడిగేవాళ్లు తక్కువ. మామూలు ఎకోలో వాల్వులు, గుండె పంపింగ్ చూసి ముగించేస్తారు. వెతికినా ఒక మోసం ఉంది. అయోర్టాను అడ్డంగా చూపే బొమ్మలో, ఎడమ సైనస్ పక్కనున్న పొర మడత ఒక్కోసారి అచ్చంగా అక్కడి నుంచే ధమని మొదలైనట్టు రెండు గీతలు చూపిస్తుంది. చూసేవాడు ‘ఉంది’ అనుకుని ముందుకెళ్తాడు. అక్కడ, రక్త ప్రవాహాన్ని రంగులో చూపే కలర్ డాప్లర్ పెట్టి, వేగం స్కేలు బాగా తగ్గించి చూస్తే నిజం బయటపడుతుంది: ఆ గీతల మధ్య రక్తం కదలదు, దానికి బదులు అయోర్టా ముందు గోడలో, గుండె సడలినప్పుడు, సన్నగా రంగు మెరుస్తుంది. అది గోడలో ఉన్న ధమని. ఎకో రిపోర్టులో ‘రెండు కరోనరీల మూలాలు మామూలు చోటే ఉన్నాయి’ అని విడిగా రాసి లేకపోతే, వాటిని చూడలేదనే అనుకోవాలి.

సీటీ ఈ పనికి అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష. అర మిల్లీమీటరు వివరం చూపిస్తుంది, ఏ దిక్కు నుంచైనా తిప్పి చూడనిస్తుంది. ఈసీజీతో ముడిపెట్టి తీయాలి, లేకపోతే గుండె కదలికకు బొమ్మ చెదిరిపోతుంది. గుండె వేగం నిమిషానికి 60, 65 లోపు ఉంటే మంచిది, అందుకే ముందు బీటా బ్లాకర్ ఇస్తారు. ఉబ్బసం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. అయోడిన్ రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి అలర్జీ, కిడ్నీ సమస్యలుంటే అదీ చెప్పాలి. ఊపిరి బిగబట్టాల్సింది పది సెకన్లో, ఇంకా తక్కువో. కొత్త యంత్రాల్లో, గుండె చక్రంలో అవసరమైన క్షణాల్లోనే ఎక్స్‌రే పంపే పద్ధతిలో రేడియేషన్ తరచు 1 నుంచి 5 మిల్లీసీవర్ట్‌ల మధ్య ఉంటుంది. మన చుట్టూ ఉన్న ప్రకృతి నుంచి ఏడాదికి సగటున అందేది 2.4. రెండోసారి సీటీ కావాలంటే భయంతో వద్దనకండి, కానీ ముందు పాత బొమ్మలనే మళ్లీ చదివించండి. చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది. ఫిల్ములు పట్టుకెళ్లొద్దు, వాటి మీద తిప్పి చూడడానికేమీ ఉండదు. స్కాన్ మొత్తం డేటా ఉన్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోండి.

గొట్టం వేసి చేసే యాంజియోగ్రామ్ ఒకప్పుడు ఇందులో ఆఖరి మాట. ఇప్పుడు కాదు. అది నీడ బొమ్మ, ఏది ముందుందో ఏది వెనకుందో చూపదు. అయినా పాతతరం కార్డియాలజిస్టులకు ఒక ఉపాయం తెలుసు: కుడి ముందు వైపు ఏటవాలుగా యంత్రం పెట్టి చూస్తే, ఇంటర్‌ఆర్టీరియల్ ధమని అయోర్టా ముందు ఒక చుక్కలా కనిపిస్తుంది. కండరంలో పోయేది, సర్కమ్‌ఫ్లెక్స్‌తో కలిసి కన్ను ఆకారం చూపిస్తుంది, ధమని ఆ కన్నుకు కింది గీత అవుతుంది. సీటీ చేతిలో ఉన్నప్పుడు ఈ కసరత్తు అక్కర్లేదు. గొట్టం దారిన ఇప్పటికీ పనికొచ్చేది వేరు: ధమని లోపలికి అల్ట్రాసౌండ్ తీగ పంపి గోడలోని భాగం ఎంత నలుగుతోందో చూడడం, గుండె వేగాన్ని, బలాన్ని పెంచే డోబుటమిన్ మందు ఇచ్చి పీడనం ఎంత పడిపోతోందో కొలవడం. సందేహంగా ఉన్న పెద్దవాళ్లలో ఇవి బాగా ఉపయోగపడతాయి.

ఎమ్మారైలో రేడియేషన్ లేదు, ధమనులు ఎక్కడ పుట్టాయో పిల్లల్లో కూడా చూపించగలదు. కానీ దాని వివరం సుమారు ఒక మిల్లీమీటరు, చీలికను కొలవడానికి అది చాలదు. దాని బలం ఇంకో చోట ఉంది. కండరంలో పాత మచ్చ ఉందా, ఒత్తిడి మీద ఏ భాగానికైనా రక్తం తగ్గుతోందా అన్నది చెప్తుంది. మీ తమ్ముడికి నేనైతే సీటీ తిరిగి చదివించిన తర్వాత ఎమ్మారై కూడా అడుగుతాను, ఇంకో కారణంతో. లోపం దొరికింది కదా అని స్పృహ తప్పడానికి కారణం అదేనని తేల్చేయకూడదు. పరుగులో పడిపోవడానికి కండర జబ్బులున్నాయి, లయకు సంబంధించిన వంశపారంపర్య జబ్బులున్నాయి. ధమని దారి హాని చేయని రకమని తేలితే ఈ వెతుకులాట మరింత ముఖ్యమవుతుంది. రెండో డాక్టరు చెప్పిన ‘భయపడక్కర్లేదు’ ధమని వరకే. పడిపోవడానికి కారణం అప్పుడు ఇంకా దొరకనట్టే.

ఒత్తిడి పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తే మామూలు ట్రెడ్‌మిల్ ఈసీజీ కాకుండా బొమ్మ కూడా తీసేది చేయించండి. స్ట్రెస్ ఎకో, న్యూక్లియర్, ఎమ్మారై ఏదైనా సరే, వీలైతే నిజంగా వ్యాయామం చేయించి, కుదరకపోతే డోబుటమిన్‌తో. అడినోసిన్ లాంటి మందులు నాళాలను వెడల్పు చేస్తాయే తప్ప పరుగులో అయోర్టా సాగే తీరును తేవు. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2020 మార్గదర్శకాలు కూడా ఇందుకే మందు కన్నా శారీరక శ్రమతో చేసే పరీక్షకు మొగ్గు చూపాయి. ఆ పరీక్ష కూడా మందులు, పరికరాలు సిద్ధంగా ఉన్న చోటే చేయాలి.

ఆపరేషన్ విషయం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ 2018 మార్గదర్శకాల ప్రకారం, తప్పు సైనస్ నుంచి పుట్టిన ధమని వల్లే లక్షణాలు వస్తున్నా, రక్తం చాలడం లేదని పరీక్షలో తేలినా ఆపరేషన్ చేయాలి. ఎడమది కుడి సైనస్ నుంచి పుడితే లక్షణాలు లేకపోయినా ఆపరేషన్ సమంజసమే అంటాయి. కుడిది ఎడమ నుంచి పుట్టిన కేసుల్లో అంత తొందర ఉండదు, అవి ఎక్కువగా కనిపించేవి, తక్కువ ప్రమాదకరమైనవి. యాభై దాటాక ఇంకేదో కారణంతో తీసిన స్కాన్‌లో బయటపడితే నేను చాలావరకు ధైర్యమే చెప్తాను. మరణాలు ఎక్కువగా కనిపించేది ముప్పై, ముప్పై ఐదు లోపు వాళ్లలో. మీ తమ్ముడిది నిజంగా ఇంటర్‌ఆర్టీరియల్ అయి, గోడలో భాగమూ చీలిక ద్వారమూ ఉంటే, ఆ వయసు, శ్రమలో స్పృహ తప్పడం రెండూ కలిసి మొదటి డాక్టరు మాటే ఖరారవుతుంది.

ఎక్కువగా చేసేది అన్‌రూఫింగ్. అయోర్టా లోపలి నుంచి, గోడలో ఉన్న భాగం మీది పొరను చీల్చి, ద్వారాన్ని సరైన సైనస్ దాకా వెడల్పు చేస్తారు. ఇక్కడే నేను చెప్పిన వాల్వు అంచు అడ్డొస్తుంది. ధమని ఆ అంచుకు కింది నుంచి పోతుంటే పొర చీల్చేటప్పుడు వాల్వు రేక ఊతం పోయి కారడం మొదలవ్వచ్చు. అలాంటప్పుడు ధమనిని విడదీసి సరైన చోట అతికించడం, కొత్త ద్వారం చేయడం లాంటివి ఆలోచిస్తారు. బైపాస్ తేలికనిపిస్తుంది కానీ యువకుల్లో మంచి ఎంపిక కాదు. విశ్రాంతిలో అసలు ధమనిలోనే రక్తం దండిగా పోతుంటుంది, అతికించిన నాళంలో ప్రవాహం లేక అది మూసుకుపోతుంది. ఆపరేషన్ అయ్యాక కనీసం మూడు నెలలు ఆగి, ఒత్తిడి పరీక్షలో ఏ ఇబ్బందీ లేదని చూశాకే ఆటల మాట.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒకటి రాయకుండా ఉండలేను. ఈ లోపాల్లో అన్నిటికన్నా తొందరపెట్టేది పసివాళ్లది. ఎడమ కరోనరీ అయోర్టా నుంచి కాక పల్మనరీ ఆర్టరీ నుంచి పుట్టడం. అల్కాపా అంటారు. 1933లో దీన్ని వర్ణించిన ముగ్గురి పేర బ్లాండ్-వైట్-గార్లాండ్ సిండ్రోమ్ అని కూడా పిలుస్తారు. సుమారు మూడు లక్షల జననాల్లో ఒకటి. పుట్టిన కొత్తలో పల్మనరీ పీడనం ఎక్కువ కాబట్టి బిడ్డ బాగానే ఉంటుంది. వారాలు గడిచి ఆ పీడనం పడిపోయేకొద్దీ ధమనిలో ప్రవాహం వెనక్కి తిరుగుతుంది. గుండెకు అందాల్సిన రక్తం పల్మనరీలోకి జారిపోతుంది. రెండు మూడు నెలల బిడ్డ పాలు తాగుతూ తాగుతూ ఆపేసి, పాలిపోయి, చెమటలు పట్టి ఏడుస్తుంది. కడుపునొప్పి అనుకుంటారు. ఎకో తీస్తే గుండె పెద్దదై, పంపింగ్ తగ్గి, మైట్రల్ వాల్వు కారుతూ కనిపిస్తుంది, దానికి ‘డైలేటెడ్ కార్డియోమయోపతి’ అని పేరు పెట్టి మందులిస్తారు. పసిబిడ్డకు ఆ పేరు పెట్టే ముందు రెండు కరోనరీలు ఎక్కడి నుంచి పుట్టాయో చూసి తీరాలి. ఈసీజీలో ఒకటో లీడ్‌లోనూ ఏవీఎల్‌లోనూ లోతైన క్యూ అలలు, ఎకోలో మెరిసే పాపిల్లరీ కండరాలు (వాల్వు రేకలను పట్టి ఉంచేవి), అవసరానికి మించి లావైన కుడి కరోనరీ, పల్మనరీ ఆర్టరీలోకి వెనక నుంచి దూకే సన్నటి కలర్ ప్రవాహం కలిసి దారి చూపిస్తాయి. వదిలేస్తే 90 శాతం దాకా బిడ్డలు మొదటి ఏడాది దాటరు. ధమనిని అయోర్టాకు అతికిస్తే మాత్రం, అంత బలహీనంగా కొట్టుకున్న గుండె నెలల్లో కోలుకోవడం చూస్తాం.

మిగతావి క్లుప్తంగా. సర్కమ్‌ఫ్లెక్స్ కుడి వైపు పుట్టి అయోర్టా వెనక నుంచి పోవడం హాని చేయదు, కానీ వాల్వు ఆపరేషన్ చేయబోయే సర్జన్‌కు ముందే తెలియాలి, కుట్టు దాని మీద పడకూడదు. కొంత దూరం కండరం కింద దూరే ఎల్‌ఏడీ, అంటే మయోకార్డియల్ బ్రిడ్జ్, సీటీల్లో తరచు కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. కరోనరీ ఫిస్టులాల్లో, అంటే కరోనరీ నుంచి గుండె గదిలోకో వేరే నాళంలోకో తెరుచుకునే అసహజ దారుల్లో, చిన్నవాటిని గమనిస్తూ వదిలేస్తాం, పెద్దవాటిని మూసేస్తాం. ఫాలోస్ టెట్రాలజీ (పుట్టుకతో గుండెలో నాలుగు లోపాలు కలిసి వచ్చే జబ్బు) ఉన్న పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఎల్‌ఏడీ కుడి కరోనరీ నుంచి పుట్టి, సర్జన్ కోయాల్సిన చోటే అడ్డంగా పోతుంది.

చివరిగా మీ సంగతి. లక్షణాలు లేని తోబుట్టువులందరికీ సీటీ తీయడం పద్ధతి కాదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి ఉన్న సందర్భాలు ఉన్నాయి కానీ అవి తక్కువ. మీకు శ్రమలో ఛాతీ పట్టేయడం, కళ్లు తిరగడం ఎప్పుడైనా ఉంటే అది వేరు, డాక్టరుకు చెప్పి ముందుకెళ్లండి. లేకపోతే ఒక ఎకో చేయించుకుని, రెండు కరోనరీ మూలాలూ చూసి రిపోర్టులో రాయమని అడగండి. మీ తమ్ముడి సీడీని మాత్రం ఈ వారంలోనే, పుట్టుకతో వచ్చే గుండె లోపాల స్కాన్లు రోజూ చదివే రేడియాలజిస్టుకు గానీ కార్డియాలజిస్టుకు గానీ చూపించండి. అడగాల్సిన మొదటి ప్రశ్న, ధమని పల్మనరీ వాల్వు మట్టానికి పైన పోతోందా, కిందా అని. పైన అని జవాబొస్తే రెండో ప్రశ్న, గోడలో ఎంత పొడవు ఉంది, ద్వారం ఎలా ఉంది అని.